ఫొటో వెనక రాత

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సును చీల్చుకుంటూ పోతుంది. చలికాలంలో ఆ రోడ్డు పొడుగునా బళ్లు ఆపుకుని ఫ్లెమింగోలను ఫొటోలు తీసేవాళ్లు కనిపిస్తారు. వాళ్లు బటన్ నొక్కిన ప్రతిసారీ బొమ్మతో పాటు ఒక చిట్టా కూడా తయారవుతుంది. ఏ రోజు, ఏ గంటకు, ఎక్కడ నిలబడి, ఏ కెమెరాతో, ఎంత వెలుగులో తీశారో అందులో ఉంటుంది. మెటాడేటా అని పిలిచే ఈ చిట్టా చాలామందికి ఫోన్ సెట్టింగుల్లో ఎక్కడో దాగి ఉండే సాంకేతిక గొడవ. చరిత్ర రాసేవాళ్లకు మాత్రం అసలు సరుకు అదే. ఫొటోకు సాక్ష్యంగా నిలిచే బలం ఆ బొమ్మను అంటిపెట్టుకున్న రాత నుంచే వస్తుందని నా వాదన. ఆ రాతను నిన్నమొన్నటిదాకా మనుషులే రాయాల్సి వచ్చేది, అందుకే చాలాసార్లు రాయకుండా వదిలేశారు. ఇప్పుడు యంత్రం రాస్తోంది. అది రాసిందల్లా నమ్మేవాళ్లు కొందరు, అది ఉందని తెలియకుండానే చెరిపేసేవాళ్లు మరికొందరు. ఒక పక్క వలస పక్షులు, మరో పక్క శ్రీహరికోట నుంచి సెకన్ల లెక్కన ఎగిరే రాకెట్లు ఉన్న సూళ్లూరుపేటలో ఈ రెండు పొరపాట్లూ తేటగా కనిపిస్తాయి.

బొమ్మే అన్నీ చెబుతుంది కదా, పక్కన రాతెందుకు అనేవాళ్లకు అమరావతి స్తూపం కథ జవాబు చెబుతుంది. సర్వేయర్ కాలిన్ మెకంజీ మనుషులు 1816, 1817లలో అక్కడ కూర్చుని శిల్పాలను చేత్తో గీశారు. ఆ బొమ్మల్లో చాలావాటి మీద తేదీ ఉంది, గీసినవారి పేరు ఉంది, స్థలం పటం కూడా తోడుంది. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఎలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసు చేరి మ్యూజియం ముందు ఎండకూ వానకూ పడి ఉన్నాయి. ఏ రాయి స్తూపానికి ఏ పక్కన, ఏ వరసలో దొరికిందన్నది మాత్రం సరిగా నమోదు కాలేదు. 1858లో మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వ ఫొటోగ్రాఫర్ లినేయస్ ట్రైప్ వాటిని ఫొటోలు తీశాడు. మరుసటి ఏడాది ఆ రాళ్లను లండన్‌కు ఓడ ఎక్కించారు. ట్రైప్ ఫొటోలలో చెక్కడం పనితనం ఎంతో స్పష్టంగా కనిపిస్తుంది, చేతిగీతకు అది అందదు. అయినా ఈ రాయి ఎక్కడిదని అడిగితే ఆ ఫొటో నోరు విప్పదు, ఎందుకంటే కెమెరా ముందుకు రాకముందే ఆ వివరం పోయింది. స్తూపాన్ని కాగితం మీద మళ్లీ నిలబెట్టాలనుకునే పరిశోధకుడు నలభై ఏళ్ల ముందటి చేతిబొమ్మల దగ్గరికే వెళ్లాలి. నకలు ఎంత గొప్పగా ఉన్నా ఆనవాలు రాసి లేకపోతే దాని విలువ సగమే.

వ్యాపారంగా ఫొటోలు తీసినవాళ్లు ఈ సంగతి పండితుల కంటే ముందే గ్రహించారు. 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయిన లాలా దీన్‌దయాళ్ తన నెగెటివ్‌లకు నంబర్లు వేసేవాడు. నంబరూ పేరూ గాజు పలక మీదే రాయడంతో, ఆ పలక నుంచి ఎన్ని కాపీలు అచ్చు వేసినా రాత బొమ్మతో పాటే వచ్చేది. ఇందులో వ్యాపార అవసరం ఉంది. ఎవరైనా వేరే ఊరి నుంచి ఉత్తరం రాసి ఫలానా నంబరు కాపీ కావాలంటే ఆ పలకను వెతికి తీయాలి. కానీ ఆ అవసరమే ఇప్పుడు మనకు చరిత్రగా మిగిలింది. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం ఆయన గాజు నెగెటివ్‌లు 2857 సేకరించింది. ఆ నంబర్లే లేకపోతే అన్ని వేల పలకల్లో ఏ కోట ఏదో, ఏ విందు ఎప్పటిదో తేల్చడానికి ఒక తరం పరిశోధకులు సరిపోరు. రాత బొమ్మలో భాగంగా ఉండాలి, విడిపోయే చీటీ మీద ఉండకూడదు అన్న సూత్రం దీన్‌దయాళ్ స్టూడియోలో అప్పటికే పనిచేస్తోంది.

తర్వాతి వందేళ్లలో ఈ పని తేలిక చేయడానికి ప్రయత్నాలు జరిగాయి. 1914లో కొడాక్ కంపెనీ ఆటోగ్రాఫిక్ అనే కెమెరాలు తెచ్చింది. వెనక చిన్న తలుపు తీసి, ఫిల్ము వెనకున్న కాగితం మీద లోహపు కడ్డీతో తేదీ, ఊరు రాస్తే, ఆ అక్షరాలు నెగెటివ్ అంచున పడేవి. ఫొటో తీసిన క్షణంలోనే, తీసిన చేత్తోనే రాసే ఏర్పాటు అది. 1930ల మొదట్లో కొడాక్ దాన్ని ఆపేసింది. జనం తలుపు తీసి రాసే ఓపిక చూపలేదని అనుకోవచ్చు. మన చిన్న ఊళ్లలో ఆ రాత ఫొటో వెనక్కి చేరింది. స్టూడియో రబ్బరు ముద్ర ఒకటి, దాని కింద పెన్నుతో ఎవరో రాసిన పెళ్లి తేదీ, అదీ రాస్తేనే. 1980ల తర్వాత ఫొటో మూలన నారింజ రంగు అంకెలు పడే కెమెరాలు వచ్చాయి. ఆ అంకెలు ఉన్న ఆల్బమ్ తెలుగిళ్లలో ఇప్పటికీ ఏదో బీరువాలో దొరుకుతుంది. వాటిలో చాలా తేదీలు తప్పే, ఎందుకంటే బ్యాటరీ మార్చినప్పుడు లోపలి గడియారాన్ని సరిదిద్దాలని ఎవరికీ తోచలేదు. యంత్రం రాసిందని నమ్మి మోసపోవడం అక్కడే మొదలైంది.

డిజిటల్ కెమెరాలు వచ్చాక 1995లో జపాన్ ఎలక్ట్రానిక్ పరిశ్రమల అభివృద్ధి సంఘం ఎక్సిఫ్ అనే ప్రమాణం విడుదల చేసింది. ఫొటో ఫైలు లోపలే, బొమ్మకు ముందు భాగంలో, గళ్లు గీసిన పట్టీ లాంటి ఒక చోటు ఉంటుంది. కెమెరా పేరు, లెన్సు, షట్టర్ వేగం, తీసిన తేదీ, గంట, ఉపగ్రహాల ద్వారా తెలిసిన అక్షాంశ రేఖాంశాలు ఒక్కొక్కటి తనకు కేటాయించిన గడిలో పడతాయి. పత్రికల వాళ్లు ఫొటో శీర్షిక, తీసినవారి పేరు, హక్కుల వంటివి రాసుకోవడానికి అంతర్జాతీయ పత్రికా టెలికమ్యూనికేషన్ మండలి 1990ల మొదట్లోనే వేరే గళ్లు రూపొందించింది. అంటే ఒకే ఫైలులో యంత్రం రాసే రాత ఒకటి, మనిషి రాసే రాత ఒకటి పక్కపక్కనే ఉండొచ్చు. ఆచరణలో మొదటిది ఎప్పుడూ నిండి ఉంటుంది, రెండోది ఎప్పుడూ ఖాళీ. కోట్లాది మంది ఏమీ రాయకుండానే రాసినవాళ్లయ్యారు. నా లెక్కలో ఫొటోగ్రఫీ చరిత్రలో ఇది రంగుల రాక కంటే పెద్ద మార్పు.

యంత్రం రాసిన గంట ఎంతవరకు నిజమో చూద్దాం. 2025 జనవరి 29 ఉదయం 6 గంటల 23 నిమిషాలకు, ఇంకా పొద్దు పొడవక ముందే, శ్రీహరికోట నుంచి జీఎస్ఎల్వీ-ఎఫ్15 రాకెట్ లేచింది. అక్కడి నుంచి అది నూరో ప్రయోగం. సూళ్లూరుపేటలో మేడల మీదికెక్కి దాన్ని ఫొటో తీసిన ఒక కెమెరాను ఊహించండి. దాని గడియారం సరిగా ఉంటే నిప్పు చెట్ల పైకి లేచిన బొమ్మ మీద 6:23 అని ఉండాలి. 6:19 అని ఉంటే గడియారం నాలుగు నిమిషాలు వెనకబడిందని అర్థం. అప్పుడు అదే కార్డులో ఆ వారమంతా తీసిన ఫొటోలకు నాలుగేసి నిమిషాలు కలుపుకుంటే సరిపోతుంది. ఊరి దగ్గరి నేలపట్టు చెరువులో నీటి కడప చెట్ల మీది గూడబాతుల ఫొటోలైనా, రోడ్డు పక్క ఫ్లెమింగోలైనా అంతే. సెకన్ల లెక్కన లోకమంతటికీ తెలిసిన ఒక ఘటన కంటికి కనిపించే ఊళ్లు ప్రపంచంలో చాలా తక్కువ. ప్రతి ప్రయోగమూ ఈ చుట్టుపక్కల కెమెరాలన్నిటి గడియారాలకూ ఒకేసారి పరీక్ష పెట్టి పోతోంది, ఆ పరీక్ష ఫలితాన్ని మనం చూసుకోవడం లేదు. వీడియో అయితే మరో ఆధారమూ దొరుకుతుంది. ప్రయోగ వేదిక నుంచి ఊరు ఇరవై కిలోమీటర్ల పైమాట కాబట్టి, వెలుగు కనబడ్డాక ఉరుము లాంటి చప్పుడు చేరడానికి నిమిషం పైనే పడుతుంది. ఆ ఎడం కొలిస్తే వీడియో తీసినవాళ్లు ఎంత దూరంలో నిలబడ్డారో లెక్క కట్టొచ్చు. ఊళ్లో తీశామంటూ చూపించే వీడియోలో వెలుగూ చప్పుడూ ఒకేసారి వస్తే దాన్ని అనుమానించాల్సిందే.

గంటలో మరో మెలిక ఉంది. కెమెరా సొంత గడియారం రాసే సమయం ఒక గడిలో, ఉపగ్రహం నుంచి అందిన సమయం మరో గడిలో పడతాయి. ఉపగ్రహ సమయం ఎప్పుడూ ప్రపంచ ప్రామాణిక కాలంలోనే ఉంటుంది. కాబట్టి ఆ ఉదయం తీసిన ఒకే ఫొటోలో 6:23 అని ఒకచోట, 0:53 అని ఇంకోచోట కనిపిస్తాయి. తెలియనివాళ్లు ఫొటో మార్చేశారంటారు. నిజానికి ఆ అయిదున్నర గంటల తేడాయే కెమెరా భారత కాలమానంలో ఉందనడానికి రుజువు. సంక్రాంతి సెలవుల్లో డల్లాస్ నుంచి వచ్చి, కెమెరా గడియారం మార్చకుండా అదే ప్రయోగాన్ని తీసిన తెలుగువారి ఫొటోలో ముందు రోజు సాయంత్రం 6:53 అని ఉంటుంది. తేదీ కూడా ఒకటి తగ్గిపోయింది. ఏ కాలమానమో రాసుకునే గడి ఎక్సిఫ్‌లో 2016 దాకా లేదు. అంతకు ముందటి ఇరవై ఏళ్ల ఫొటోలలో గంట మాత్రమే ఉంది, అది ఏ దేశపు గంటో లేదు. విదేశాల్లో ఉన్న తెలుగు కుటుంబాల ఆల్బమ్‌లు సర్దేవాళ్లు మొట్టమొదట తేల్చుకోవాల్సింది ఇదే.

చోటు సంగతికొస్తే, ఫొటోలో పడే అక్షాంశ రేఖాంశాలు కెమెరా నిలబడ్డ చోటువి. పక్షి ఉన్న చోటువి కావు. రోడ్డు మీద నిలబడి అర కిలోమీటరు అవతల మేస్తున్న గుంపును తీస్తే రాత మాత్రం రోడ్డుకే చెందుతుంది. సూళ్లూరుపేట మేడ మీద తీసిన రాకెట్ ఫొటో సూళ్లూరుపేటదే అవుతుంది, శ్రీహరికోటది కాదు. ఇది గమనించకుండా ఇలాంటి ఫొటోలన్నిటినీ పటం మీద చుక్కలుగా పెడితే పులికాట్ పక్షులన్నీ తారు రోడ్డు మీదే తిరుగుతున్నట్టు తేలుతుంది. కొన్ని ఫోన్లు కెమెరా ఏ దిక్కుకు చూస్తోందో కూడా రాస్తాయి. అది ఉంటే కొంత సరిచేయొచ్చు. లేకపోతే సూర్యుణ్ని అడగాలి. సూళ్లూరుపేట వైపు నిలబడితే శ్రీహరికోట తూర్పున ఉంటుంది. దీవి మీద ఎర్రటి సూర్యబింబం ఉన్న ఫొటోకు సాయంత్రం ఆరు అని రాసి ఉంటే గడియారం తప్పు, వేరే మాట లేదు. ఇంకో సంగతి కూడా ఉంది. ఈ చోటు లెక్కంతా ఉపగ్రహాలు పంపే కాల సంకేతాల మీద నడుస్తుంది. అందులో సెకనులో పది లక్షలో వంతు తేడా వస్తే దూరంలో మూడు వందల మీటర్లు తప్పుతుంది. మన సొంత దిక్సూచి వ్యవస్థ నావిక్ ఉపగ్రహాలను శ్రీహరికోట నుంచే పంపారు, మొదటిది 2013 జులై 1 రాత్రి. 2025 జనవరిలో వెళ్లిన నూరో రాకెట్ మోసుకెళ్లిందీ నావిక్ ఉపగ్రహమే, అది ఉద్దేశించిన కక్ష్యకు చేరలేకపోయింది. నావిక్ సంకేతాలు అందుకునే ఫోన్లు ఇప్పుడు చాలానే ఉన్నాయి.

ఇవన్నీ మార్చేయొచ్చు కదా, ఉచితంగా దొరికే ఒక చిన్న సాఫ్ట్‌వేర్‌తో తేదీని అయిదేళ్లు వెనక్కి జరపొచ్చు కదా, అలాంటిదాన్ని సాక్ష్యమని ఎలా అంటారు అన్నది గట్టి అభ్యంతరమే. దానికి మన పల్లెల నుంచే ఉదాహరణ ఉంది. ఉపాధి హామీ పనుల్లో హాజరు కోసం 2021లో కేంద్రం ఒక మొబైల్ యాప్ తెచ్చింది. 2023 జనవరి 1 నుంచి రోజుకు రెండుసార్లు చోటూ సమయమూ నమోదయ్యే ఫొటోలు తప్పనిసరి చేసింది. 2025 జులైలో గ్రామీణాభివృద్ధి శాఖే ఆ యాప్ దుర్వినియోగమవుతోందని రాష్ట్రాలకు రాసింది. పనికి సంబంధం లేని ఫొటోలు ఎక్కించడం, పాత ఫొటోను ముందు పెట్టుకుని దానికే మళ్లీ ఫొటో తీయడం అందులో ఉన్నాయి. ఈ చివరిదాన్ని కాస్త ఆగి చూడండి. అక్కడ మెటాడేటా అబద్ధం చెప్పలేదు. ఆ గంటకు, ఆ చోట ఫొటో తీసిన మాట నిజమే. బొమ్మలోని మనుషులు మాత్రం ఆ రోజు అక్కడ లేరు. కాబట్టి రాతను నమ్మడంలో తప్పు లేదు, రాత ఒక్కటే చాలనుకోవడంలో ఉంది. శాసనాల విషయంలోనూ చరిత్రకారులు ఇదే చేస్తారు. తిథి, వారం, గ్రహణం కలుస్తున్నాయో లేదో లెక్కగట్టి చూశాకే శాసనంలోని శక సంవత్సరాన్ని ఒప్పుకుంటారు. దొంగ తామ్రశాసనాలు ఉన్నాయని శాసనాలన్నిటినీ ఎవరూ పారేయలేదు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కూడా ఎలక్ట్రానిక్ రికార్డుకు ధ్రువపత్రం అడుగుతుంది. ఫైలులో ఒక్క అక్షరం మారినా మారిపోయే హాష్ విలువను అందులో రాయమంటుంది. ఒక సాక్షికి మరో సాక్షిని జత చేయమనడమే ఇది.

మరో అభ్యంతరం ఇంతకంటే బరువైనది. చోటు చెప్పే ఫొటో ఇంటి ఆడపిల్ల ఎక్కడుందో చెబుతుంది, వేటగాడికి పక్షి గూడెక్కడో చెబుతుంది. అందుకని అంతా చెరిపేయడమే మేలు అంటారు. భయంలో అబద్ధం లేదు. నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన థామస్ జెర్డన్ పంతొమ్మిదో శతాబ్దం నడుమ లోకానికి చూపించిన కలివి కోడి, ఎనభై ఏళ్లకు పైగా ఎవరికీ కనబడకుండా పోయి, 1986లో కడప జిల్లా లంకమల అడవుల్లో మళ్లీ దొరికింది. రాత్రిపూట తిరిగే ఆ పక్షి జాడ కోసం 2000ల మొదట్లో పొదల నడుమ కెమెరాలు అమర్చారు. అలాంటి పక్షి ఫొటోను కచ్చితమైన అంకెలతో సహా ఊరంతటికీ పంచితే దాన్ని చంపుకున్నట్టే. కానీ అదే అంకెలు అడవిని కాపాడేవాళ్ల దగ్గర లేకపోతే ఏ కాలువ, ఏ రోడ్డు ఆ పొదలను మింగిందో రుజువు చేయలేం. జీవుల ఫొటోలు పంచుకునే ఐనాచురలిస్ట్ లాంటి వేదికలు అసలు అంకెలు భద్రంగా ఉంచి, బయటివారికి ఇరవై కిలోమీటర్ల గడిలో ఏదో ఒక చుక్క చూపిస్తాయి. ఇంటి ఫొటోలకూ ఈ పద్ధతి చాలు. దాచుకునే ప్రతిలో అన్నీ ఉండాలి, పంచే ప్రతిలో చోటు తీసేయాలి. చెరపడం ఎప్పుడైనా చేయొచ్చు, చెరిపింది తిరిగి రాదు.

నిజంగా జరుగుతున్న నష్టం ఈ రెండు భయాల వల్లా కాదు. వాట్సాప్‌లో ఫొటోను మామూలుగా పంపితే ఎక్సిఫ్ రాత పోతుంది, బొమ్మ కూడా నలిగి చిన్నదవుతుంది. అందుకున్నవాళ్ల ఫోన్లో ఫైలు పేరులో కనిపించే తేదీ ఆ ఫొటో చేరిన రోజుది, తీసిన రోజుది కాదు. తాతగారి షష్టిపూర్తి ఫొటోలు పదేళ్ల తర్వాత గ్రూపులో పంచుకుంటే ఆ పేరును బట్టి షష్టిపూర్తి పదేళ్లు ఆలస్యంగా జరిగినట్టు తేలుతుంది. అదే ఫొటోను డాక్యుమెంట్‌గా పంపితే రాత చెక్కుచెదరదు. చేసే పనిలో తేడా ఒక్క నొక్కే, అయినా ఎక్కువమంది ఫొటోగానే పంపుతారు. 2001 నుంచి సూళ్లూరుపేటలో జరుగుతున్న ఫ్లెమింగో ఫెస్టివల్ ఫొటోలను ఇప్పుడు గ్రూపుల నుంచి ఏరుకుంటే ముఖాలు దొరుకుతాయి, ఏళ్లు దొరకవు. 1987 నుంచి ఏటా జనవరిలో సాగుతున్న ఆసియా నీటిపక్షుల లెక్క పనికొస్తోందంటే కారణం ఒక్కటే. లెక్కించినవారు తేదీ, చెరువు, తమ పేరు రాయనిదే ఆ కాగితం చెల్లదు. ఊరి జనం తీసే వేల ఫొటోలు దానికి తోడైతే ఏ ఏడాది నీళ్లు ఎందాకా వచ్చాయి, పక్షులు రోడ్డుకు ఏ పక్క మేశాయి అన్నది ఇంకెంతో దగ్గరగా తెలిసేది.

మనిషి మాత్రమే రాయగలిగినవి మిగిలి ఉన్నాయి. యంత్రానికి రాయదొరువు తెలియదు. సముద్రం నుంచి పులికాట్‌లోకి నీళ్లు వచ్చే ఆ ముఖద్వారం ఇసుకతో పూడిపోయిందని జాలర్లు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. అక్కడ తీసిన ఫొటోకు అంకెలు పడతాయి కానీ, అది ముఖద్వారమన్న మాట, ఆ రోజు పాటా పోటా అన్న మాట, ఇంతకు ముందు పడవ పోయేదా అన్న మాట చూసినవాళ్లే రాయాలి. పేర్లూ మారుతుంటాయి. 2022 ఏప్రిల్‌లో సూళ్లూరుపేట నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాకు మారింది. అంతకు ముందు తీసిన ఫొటోను ఇవాళ తెరిస్తే ఫోన్ తిరుపతి జిల్లా అనే చూపించవచ్చు. ఇన్నాళ్లూ మన మాటలు మన లిపిలో రాయడానికీ అడ్డం ఉండేది. ఎక్సిఫ్‌లోని వివరణ, రచయిత పేరు గళ్లు ఇంగ్లీషు అక్షరాలకే కేటాయించినవి. 2023లో వచ్చిన ఎక్సిఫ్ 3.0 యూనికోడ్‌ను ఒప్పుకుంది, ఇక ఆ గళ్లలో తెలుగు నేరుగా కూర్చుంటుంది. అసలు ఫైలును అలాగే ఉంచి, రాతను నకలు మీద చేర్చుకుంటే హాష్ కూడా చెడదు.

నేలపట్టులో అటవీశాఖ వారి పర్యావరణ విజ్ఞాన కేంద్రం ఉంది, ఫ్లెమింగో పండగ నడిపే జిల్లా యంత్రాంగం ఉంది, పాతికేళ్లుగా ఆ పండగను తీసిన ఫొటోగ్రాఫర్లు ఊళ్లోనే ఉన్నారు. ఫొటోల పోటీ పెట్టే ప్రతిసారీ ప్రింటుతో పాటు అసలు ఫైలు, దాంతో నాలుగు వాక్యాల తెలుగు వివరణ అడిగితే అయిదారేళ్లలో సరస్సుకు ఒక దస్తావేజుల గది తయారవుతుంది. ముందుగా చేరాల్సినవి 2001 నుంచి 2010 దాకా తీసినవి. అప్పటి ఫైళ్లు సీడీల మీద ఉన్నాయి. సీడీల పూత పొరలుగా లేచిపోతోంది, వాటిని చదివే డ్రైవు ఇప్పటి కంప్యూటర్లలో రావడం లేదు.